మీ వీధి వయసెంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఒక సంగతి గమనించాను. ఒకరు ప్లేస్కూల్ పెడితే పిల్లలు దొరుకుతారో లేదో అని భయపడుతున్నారు. ఇంకొకరి బడిలో పిల్లల్ని కూర్చోబెట్టడానికి చోటే లేదు. ఇద్దరూ హైదరాబాద్‌వాళ్లే. గణాంక శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, మాది ఏఎస్ రావు నగర్. మా మామగారు కట్టించిన ఇంట్లో కింది పోర్షన్ ఖాళీగా ఉంది. నేను టీచర్ ట్రైనింగ్ చేశాను, అక్కడ ప్లేస్కూల్ పెట్టాలని ఆలోచన. చుట్టూ ఇన్ని ఇళ్లు, ఇంత జనం ఉన్నా పక్క వీధిలో ప్లేస్కూల్ మొన్ననే మూసేశారు. లోన్ తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ముందుకు వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, ఏఎస్ రావు నగర్

జవాబు: లోన్ కాగితాల మీద సంతకం పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారమ్మా. పక్క వీధివాళ్ల సంగతి వదిలేద్దాం. ముందు పిల్లల్ని లెక్కపెడదాం.

ఇంత జనం ఉన్నారు అంటున్నారు. ఆ జనంలో మీకు పనికొచ్చేది రెండేళ్లు నిండి, నాలుగేళ్లు నిండని పిల్లలు మాత్రమే. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు. అందులో 0–6 ఏళ్ల పిల్లలు సుమారు 4.69 లక్షలు, అంటే వందకు 12 మంది. మీ కాలనీ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేది, కానీ నగరం సగటు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ అంకె చాలు. వందకు 12 అంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ సున్నా నుంచి ఆరు దాకా ఏడు వయసులు ఉన్నాయి. ఏడుతో భాగిస్తే ఒక్కో వయసుకు వందకు 1.7 మంది. మీకు కావలసిన రెండు వయసులు కలిపితే మూడున్నర మంది కూడా రారు. పదివేల మంది ఉండే చోట 340 మంది అనుకోండి. వాళ్లలోనూ కొందరు అంగన్‌వాడీకి వెళతారు, కొందరు అమ్మమ్మ దగ్గరే ఉంటారు, కొందర్ని పెద్ద స్కూళ్లు తమ నర్సరీకే లాక్కుంటాయి. మిగిలినవాళ్లను ఆ చుట్టుపక్కల ఉన్న ప్లేస్కూళ్లన్నీ పంచుకోవాలి.

ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడిందా అంటే, లేదు. 2020 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో ఏడాదికి వెయ్యి మంది జనాభాకు సుమారు 16 జననాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే అది 2.1 దగ్గర ఉండాలి.

ఇదంతా సగటు. మీ కాలనీ సగటు కాలనీ కాదు. ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967లో పుట్టింది. దాని వ్యవస్థాపకుడు ఏఎస్ రావు గారి పేరే మీ కాలనీకి పెట్టారు. అందులోనూ, దగ్గర్లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనూ ఉద్యోగాల్లో చేరినవాళ్లలో చాలామంది దాదాపు ఒక ఈడువాళ్లు. ఆ చుట్టుపక్కల స్థలాలు కొన్నదీ, పీఎఫ్ లోన్లు పెట్టి ఇళ్లు కట్టుకున్నదీ ఇంచుమించు ఒకే కాలంలో. పిల్లలూ ఆ కాస్త కాలంలోనే పుట్టారు. ఇలాంటి కాలనీ ఒకే క్లాసులో చేరిన పిల్లల్లాంటిది. అందరూ కలిసి పై క్లాసులకు వెళ్లిపోతుంటారు, కింద కొత్త అడ్మిషన్లు లేకపోతే చిన్న క్లాసులు ఖాళీ. మీ మామగారి తరం వీధుల్లో ఒకప్పుడు ట్రైసైకిళ్లు, తర్వాత ఎంసెట్ కోచింగ్ బోర్డులు, ఆ తర్వాత పెళ్లి పందిళ్లు ఉండేవి. ఆ పిల్లలు మాదాపూర్‌కో బెంగళూరుకో అమెరికాకో వెళ్లారు. అమ్మానాన్నలు మాత్రం అక్కడే ఉన్నారు. సైనికాధికారులు రిటైరై స్థిరపడిన సైనిక్‌పురి, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ చుట్టూ వెలిసిన పాత కాలనీలు కూడా ఇదే దారిలో నడిచాయి. ఊరి జనాభా పెరుగుతూనే ఉంటుంది, ఆ వీధి మాత్రం ముసలిదవుతుంది.

అయితే ఈ కథ ఇక్కడితో ఆగదు. మీ వీధిలో ఈమధ్య ఎన్ని ఇళ్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారో చూడండి. ఇద్దరు పెద్దవాళ్లు ఉండే ఇల్లు కూలి, అదే స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తే అందులోకి ముప్పై, ముప్పై అయిదేళ్ల దంపతులు వస్తారు. అలాంటివి వీధికి రెండు మూడు లేచాయంటే ఆ వీధి వయసు మళ్లీ తగ్గిపోతుంది. కాబట్టి మీ కాలనీ ఎప్పటికీ ప్లేస్కూల్‌కి పనికిరాదని నేను అనను. ఇప్పుడు ఎక్కడుందో మీరే కొలవాలి. ఎలాగో చెబుతాను.

జనగణన వార్డు పట్టికలు చూస్తే చాలు కదా అనుకుంటారేమో. వాటిలో వయసు గురించి ఉండేది ఒక్క 0–6 పిల్లల సంఖ్యే. అరవై దాటినవాళ్లు మీ వార్డులో ఎంతమందో అక్కడ దొరకదు. అయిదేళ్లకొక గుంపు చొప్పున వయసుల పట్టిక జిల్లాలకు, నగరాలకే వేస్తారు. పైగా అది 2011 నాటిది, అప్పటి పసిపిల్లలు ఇప్పుడు టీనేజర్లు. అందుకని ఓటర్ల జాబితా తీసుకోండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రాల వారీగా జాబితాలు ఉంటాయి. ఒక్కో దాంట్లో వెయ్యి మందికి అటూ ఇటూగా ఓటర్లు, ప్రతి పేరు పక్కన వయసు. మీ చుట్టుపక్కల కేంద్రాలవి మూడు నాలుగు తీసుకుని 25 నుంచి 35 ఏళ్ల ఆడవాళ్లు ఎంతమందో, 60 దాటినవాళ్లు ఎంతమందో పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కించండి. ఒక సాయంత్రం పని. అద్దెకు ఉండేవాళ్లు చాలామంది ఓటు సొంత ఊళ్లోనే ఉంచుకుంటారు, అందుకని చిన్న వయసువాళ్లు ఈ జాబితాలో తక్కువ కనిపిస్తారు. ఆ తేడాను సరిచూసుకోవడానికి అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడండి. తన పరిధిలో ఆరేళ్లలోపు పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో సర్వే చేసి రాసుకోవడం ఆమె ఉద్యోగంలో భాగం. ఇళ్ల వివరాలు అడగొద్దు, మొత్తం సంఖ్య అడగండి. తర్వాత మెడికల్ షాపుకి వెళ్లి డైపర్లు ఏవి ఎక్కువ పోతున్నాయో కనుక్కోండి, పసిపిల్లలవా, పెద్దవాళ్లవా అని. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద నాకు చాలా నమ్మకం.

ఇవన్నీ చేశాక కూడా పిల్లలు తక్కువే అని తేలితే నా సలహా ఇది. ఆ కింది పోర్షన్‌ని ఫిజియోథెరపీ చేసేవాళ్లకో, రక్తపరీక్షల సెంటర్‌కో అద్దెకు ఇవ్వండి. మెట్లు ఎక్కనక్కర్లేని కింది ఇల్లు అంటే ఆ కాలనీలో వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఆ అద్దెతో మీరు దమ్మాయిగూడ, నాగారం, రాంపల్లి వైపు చోటు చూసుకోండి. ఈసీఐఎల్ దగ్గర ఫ్లాట్ కొనలేని కొత్త దంపతులు అటే వెళుతున్నారు. పెద్దవాళ్ల కోసం పగటిపూట సెంటర్ మీరే నడపొచ్చు కదా అని ఎవరైనా చెబితే తొందరపడొద్దు. అవసరం నిజంగా ఉంది. కానీ మనవడి ఫీజుకి వెనకాడని తాతగారు తన కోసం నెలకు రెండు వేలు పెట్టమంటే వెనకాడతారు. వాళ్ల పిల్లలు కడతారా అని ముందే తెలుసుకున్నాకే అందులో దిగాలి. మీకు వచ్చిన విద్య చిన్నపిల్లలకు చెప్పడం. పిల్లలున్న చోటికి వెళ్లండి.

ప్రశ్న: నేను పాతబస్తీలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా దగ్గర రెండు క్లాసులు ఒకే గదిలో కూర్చుంటాయి. నగరంలో ఇంకోవైపు పనిచేసే నా స్నేహితురాలి బడిలో అయిదు క్లాసులకు కలిపి మా ఒక్క క్లాసంత మంది కూడా లేరు. పైవాళ్లను అడిగితే జనాభా ప్రకారం అందరికీ సమానంగానే ఇచ్చాం అంటారు. ఇది సమానమేనా?
– ఒక టీచర్, యాకుత్‌పురా

జవాబు: సమానం కాదు. మీ బాధ నాకు అర్థమైంది, అందుకే సూటిగా చెబుతున్నాను.

మన ప్రణాళికల్లో చాలావరకు తలలు లెక్కపెడతారు, వయసు అడగరు. కేంద్రం పట్టణ ప్రణాళికల కోసం తయారుచేసిన 2014 నాటి మార్గదర్శకాల్లో 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల అని ఉంది. పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50,000 జనాభాకు ఒక అర్బన్ ప్రైమరీ హెల్త్ సెంటర్. 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలదీ ఇదే పద్ధతి, ఇంత జనాభాకు ఒకటి. 2011 లెక్కల్లో పాతబస్తీ మండలాల్లో పిల్లల వాటా అమీర్‌పేట, హిమాయత్‌నగర్ లాంటి మండలాలకన్నా ఎక్కువ. అలాంటప్పుడు అయిదు వేల మంది ఉన్న మీ బస్తీలో బడి ఈడు పిల్లలు, అయిదు వేల మంది ఉన్న హిమాయత్‌నగర్ వీధుల్లో పిల్లలు ఒకే సంఖ్యలో ఎలా ఉంటారు? దానికి తోడు అటువైపు ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కుతారు. మీ దగ్గర ప్రైవేటు ఫీజు కట్టలేక మీ గుమ్మం ముందు నిలబడతారు.

ఆసుపత్రుల్లో అయితే ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. బుధవారం, శనివారం టీకాల రోజు మీ దగ్గరి హెల్త్ సెంటర్‌కి వెళ్లి చూడండి, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు బయట మెట్ల దాకా ఉంటారు. అదే రోజు పద్మారావు నగర్ వైపు సెంటర్‌లో బీపీ, షుగర్ మాత్రల కోసం కర్ర పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కువ. రెండు చోట్లకూ ఒకే రకం స్టాఫ్, ఒకే రకం మందుల ఇండెంట్ పంపితే ఒకచోట టీకాలు వేసే ఏఎన్‌ఎం నర్సు చాలదు, ఇంకోచోట మాత్రలు నెల మధ్యలోనే అయిపోతాయి. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో, నీలోఫర్‌లో రద్దీకి పాతబస్తీ వయసు కూడా ఒక కారణం. ఇంటి దగ్గర దొరకని వైద్యం కోసమే అంత దూరం వచ్చి నిలబడతారు.

మీ చేతిలో ఉన్న ఆయుధం 2009 విద్యాహక్కు చట్టం. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక టీచర్ అన్నది అందులో ఉంది. దాన్ని బడిలో చేరిన పిల్లల సంఖ్యతోనే చూస్తారు, బస్తీ జనాభాతో కాదు. అందుకని హాజరు పట్టిక, యూడైస్‌లో, అంటే బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పట్టికలో, మీ బడి నింపిన అంకెలు, రెండూ పెట్టి రాతపూర్వకంగా అడగండి. టీచర్ పోస్టు వచ్చినా గది సమస్య తీరదని నాకు తెలుసు. మీ గల్లీల్లో కొత్త కట్టడానికి ఖాళీ స్థలం దొరకదు. ఉన్న కట్టడం మీద ఇంకో అంతస్తు, లేదా దగ్గర్లో వాడకంలో లేని ప్రభుత్వ భవనం, ఈ రెండింటినే గట్టిగా అడగాలి.

మీ స్నేహితురాలి బడి గురించి కూడా ఒక మాట. పిల్లలు తగ్గారని ఆ బడిని మూసి, స్థలాన్ని వేరే దేనికో ఇచ్చేస్తే అది పెద్ద నష్టం. నగరం మధ్యలో ప్రభుత్వ స్థలం ఒకసారి పోతే మళ్లీ రాదు. ఖాళీ గదుల్లో అంగన్‌వాడీ పెట్టొచ్చు, లైబ్రరీ పెట్టొచ్చు, పగలు పెద్దవాళ్లు కూర్చునే చోటు చేయొచ్చు. పదిహేనేళ్లకు ఆ వీధులు అపార్ట్‌మెంట్లతో నిండి పిల్లలు తిరిగొస్తే గదులు బడికే ఇవ్వొచ్చు. మీ బస్తీకి కూడా ఇదే వర్తిస్తుంది. కుటుంబాల్లో పిల్లల సంఖ్య అన్నిచోట్లా తగ్గుతోంది. ఇవాళ మీ ఒకటో తరగతిలో ఇరుక్కుని కూర్చున్న పిల్లలు పదేళ్లకు జూనియర్ కాలేజీ అడుగుతారు. ఆడపిల్లలకు నడిచి వెళ్లే దూరంలో ఇంటర్ లేకపోతే చాలామంది చదువు అక్కడితో ఆపించేస్తారు. కాబట్టి ఇప్పుడు ప్రాథమిక గదుల కోసం రాసే అర్జీలోనే బాలికల జూనియర్ కాలేజీ మాట కూడా రాయండి. కట్టడానికి పట్టే ఏళ్లు కలుపుకుంటే ఇప్పుడు అడగడం తొందరేమీ కాదు.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఒక్క గల్లీలోనే మేం వందల మంది ఉంటాం. నైట్ షిఫ్ట్ దిగితే బస్సు ఉండదు, నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉండదు, వీధి లైట్ పోతే వారాలు పడుతుంది. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరెందుకు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మిమ్మల్ని వ్యాపారులు బాగానే పట్టించుకున్నారు బాబూ. మీ గల్లీలో కర్రీ పాయింట్, ఇస్త్రీ బండి, జిమ్, రాత్రి పన్నెండింటిదాకా టిఫిన్ బండి అన్నీ వచ్చాయి కదా. ఇరవైల్లో ఉన్నవాళ్లకు ఏం కావాలో వాళ్లు నెలల్లో కనిపెడతారు. ప్రభుత్వ సేవలు మాత్రం రెండు కాగితాలు చూసి కదులుతాయి, ఒకటి జనగణన, రెండోది ఓటర్ల జాబితా. ఆ రెండింట్లోనూ మీరు లేరు.

నేను ఉండేది కేపీహెచ్‌బీ కాలనీలో. హౌసింగ్ బోర్డు ఇచ్చిన ఎల్‌ఐజీ, ఎంఐజీ ఇళ్లు ఇవి, చిన్న, మధ్యతరగతి జీతాల కుటుంబాల కోసం కట్టినవి. మా వీధిలో ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఇద్దరు ముగ్గురు బడి పిల్లలు. ఇప్పుడు పై అంతస్తులో ఇంటి యజమానులు, డెబ్బై దాటిన దంపతులు, కింద మూడు అంతస్తుల్లో హాస్టల్. మధ్య వయసు, చిన్నపిల్లలు దాదాపు లేరు. స్కూలు బ్యాగులు, యూనిఫారాలు అమ్మిన కొట్టు జిరాక్స్, మొబైల్ రిపేర్ షాపు అయింది. పిల్లల డాక్టర్ బోర్డు తీసేశారు. చర్మం, జుట్టు క్లినిక్ బోర్డు పెట్టారు. నీళ్ల వాడకం ఎన్నో రెట్లయింది, పైపు మాత్రం నాలుగైదుగురు ఉండే ఇంటికి వేసిన పాతదే. ఆ ఇంటికి రికార్డుల్లో ఉన్న మనుషులు ఇద్దరే, అందుకని ట్యాంకర్లు తిరుగుతున్నాయి. రోడ్డు మీద బైకుల వరుస చూస్తే మా వీధి జనాభా ఎంతో తెలుస్తుంది, ఆఫీసు కాగితాల్లో తెలియదు.

సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. మీ మాదాపూర్ అప్పటినుంచే మీ వయసువాళ్లతో నిండుతోంది. ఒక తరం పెళ్లి చేసుకుని కొండాపూర్, నల్లగండ్ల వైపు వెళ్లిపోతుంది, వాళ్ల గదుల్లోకి మళ్లీ ఇరవై మూడేళ్లవాళ్లు వస్తారు. మనుషులు మారినా ఆ వీధి వయసు మారదు. అందుకే మీకు కావలసినవి తాత్కాలికం అని కొట్టిపారేయడం తప్పు. రాత్రి బస్సు, లైట్లు, ఆడపిల్లలకు భద్రత అక్కడ శాశ్వత అవసరాలు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలుపెట్టినప్పుడు ఆ అవసరాన్ని గుర్తించారు. బస్సుల విషయంలోనూ అలాగే గుర్తించాలి.

మీరు చేయాల్సింది రెండు పనులు. ఓటు ఇక్కడికి మార్చుకోండి, చిరునామా మార్పుకి ఫారం 8 ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. ఊళ్లో సర్పంచ్ ఎన్నికకు ఓటు వదులుకోవడం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, నిర్ణయం మీదే. రెండోదాంట్లో మాత్రం తటపటాయించొద్దు. 2027 మార్చి 1 నాటి లెక్కగా జరిగే జనగణనలో మీ పేరు మీ హాస్టల్‌లోనే నమోదు కావాలి. అమ్మ ఊళ్లో రాయించేసిందిలే అని ఊరుకోవద్దు. మీ వార్డెన్‌తో, రూమ్మేట్లతో ఇప్పుడే మాట్లాడండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మకు 72, నాన్నకు 78. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఇద్దరే ఉంటారు. ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి బెంగలేదని అనుకునేవాణ్ని. ఈసారి వచ్చినప్పుడు చూస్తే వాళ్లకు రోజు గడవడమే కష్టంగా ఉంది. హైదరాబాద్‌లో పెద్దవాళ్ల కోసం ఏమున్నాయి?
– ఒక పాఠకుడు

జవాబు: పెద్దవాళ్లంటే ఆసుపత్రి అని అందరం అనుకుంటాం. అరవై రెండేళ్ల మనిషికి కావలసినవి వేరు, ఎనభై రెండేళ్ల మనిషికి కావలసినవి వేరు. అరవైల్లో వాకింగ్ ట్రాక్, తీర్థయాత్రల బస్సు, చేయగలిగితే ఏదో ఒక పని కావాలి. డెబ్బై అయిదు దాటాక బల్బు మార్చే మనిషి, నమ్మదగిన ప్లంబర్, ఉప్పూ కారం తగ్గించి వండి క్యారేజీ పంపేవాళ్లు కావాలి. ఆసుపత్రికి వెళ్లేది ఎప్పుడో ఒకసారి, గుమ్మం ముందున్న విరిగిన ఫుట్‌పాత్ దాటాల్సింది రోజూ. లిఫ్ట్ లేని మొదటి అంతస్తులో బ్యాంకు ఉంటే ఎనభై ఏళ్ల మనిషికి ఆ బ్యాంకు లేనట్టే. రోడ్డుకి అవతల ఉన్న పార్కు కూడా అంతే.

ఇప్పుడు అందుబాటులో ఉన్నవి చెబుతాను. 14567 పెద్దవాళ్ల కోసం జాతీయ హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. పెన్షన్ విషయాలు, న్యాయ సలహా, వేధింపులు, మనసు బాగోలేకపోవడం, దేనికైనా ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించండి. నాన్నగారికి ప్రభుత్వ పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ కోసం నవంబరులో బ్యాంకు క్యూలో నిలబెట్టొద్దు. పోస్టాఫీసులో చెబితే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి వేలిముద్రతో డిజిటల్‌గా చేస్తారు, చిన్న ఫీజు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఎనభై నిండితే అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యానికి 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ని విస్తరించింది. ఆధార్‌తో కార్డు తీసుకోవాలి. మీరు వెళ్లే ఆసుపత్రి అందులో ఉందో లేదో అవసరం పడకముందే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి.

ఇంకో మాట చెప్పాలి, నొచ్చుకోకండి. మన ఇళ్లలో భార్య భర్తకన్నా చిన్నది, ఆడవాళ్లు సగటున ఎక్కువ కాలం బతుకుతారు. అందువల్ల పాత కాలనీల్లో చివరికి ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇప్పుడు బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ అన్నీ నాన్నగారే చూస్తుంటే, అవి అమ్మగారి చేతికి కూడా రావాలి. ఆయన పక్కనుండగానే ఆవిడ సొంతంగా ఏటీఎం వాడాలి, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చుకోవాలి. మీరు తిరిగి వెళ్లేలోగా మొదలుపెట్టించండి. పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి కూడా ఉంచండి.

ప్రశ్న: మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో 180 ఫ్లాట్లు. అసోసియేషన్ దగ్గర కొంత డబ్బుంది. కొందరు చిన్నపిల్లల జారుడుబల్లలు కొత్తవి వేయాలంటారు, కొందరు బాస్కెట్‌బాల్ కోర్టు కావాలంటారు. ఏది వేస్తే మంచిది?
– అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: ఓటింగ్ పెట్టకండి, గొడవలవుతాయి. ముందు లెక్క తీయండి. ఫ్లాట్‌కి ఒక చీటీ ఇవ్వండి, పేర్లు వద్దు, ఏ వయసువాళ్లు ఎందరో చాలు. పిల్లల్ని మూడేళ్లలోపు, అయిదు వరకు, పది వరకు, పదిహేను వరకు అని విడగొట్టండి, ఎందుకంటే ఏడేళ్ల పిల్లవాడు ఎక్కే జారుడుబల్ల మూడేళ్లవాడికి ప్రమాదం. నిజాంపేటలో ఒకేసారి నిండిన అపార్ట్‌మెంట్ అయితే మీ పిల్లల్లో ఎక్కువమంది దగ్గర దగ్గర వయసులో ఉంటారు. అలాంటప్పుడు ఇవాళ వేసిన జారుడుబల్ల అయిదేళ్లకు ఎవరూ ఎక్కరు. సిమెంట్‌తో పాతేసే సామాను కొనకుండా, విప్పి మార్చుకోగలిగేవి కొనండి.

చీటీలో ఏడాదిలో కొన్ని నెలలు వచ్చి ఉండే అమ్మమ్మలు, తాతయ్యలు, నానమ్మలకు కూడా ఒక గడి పెట్టండి. సాయంత్రం ఆ పిల్లల వెంట పార్కులో ఉండేది వాళ్లే. కూర్చోవడానికి వీపు ఆనించే బెంచీలు, దగ్గర్లో ఒక టాయిలెట్ లేకపోతే పదిహేను నిమిషాల్లో పిల్లల్ని లాక్కుని పైకి వెళ్లిపోతారు. మీరు ఏ సామాను కొన్నా, ముందు ఆ బెంచీలకు డబ్బు తీసి పక్కన పెట్టండి. లెక్క పూర్తయ్యాక అంకెలు నాకు రాయండి, వచ్చే నెల దాన్నిబట్టి వివరంగా చెబుతాను.